తాగిన గంజి, పెట్టిన గంజి

కువైట్‌లో కొత్తగా దిగిన తెలుగువాడు బట్టలు చంకన పెట్టుకుని వీధి చివరి ఇస్త్రీ దుకాణానికి వెళ్తే, అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న "నిషా కావాలా, వద్దా?" అని. మద్యం మీద నిషేధం ఉన్న దేశంలో ఇదేం ప్రశ్నరా నాయనా అని అతను కంగారు పడతాడు. చుట్టూ ఉన్న పాతకాపులు నవ్వుతారు. అసలు సంగతి ఏమిటంటే, మనం గంజి అనే దాన్ని అరబ్బీలో 'నషా' అంటారు. గల్ఫ్ యాసలో అది నిషాలాగే వినిపిస్తుంది. పార్శీలో ఉన్న 'నిషాస్తా'కి ఇది చుట్టం. మనం మత్తుకి వాడే నిషా వేరు, ఈ నిషా వేరు.

ఇస్త్రీ దుకాణాన్ని ఇక్కడ 'మస్బగా' అంటారు. ఆ మాటకి అసలు అర్థం అద్దకాల ఇల్లు, అంటే బట్టలకి రంగులు వేసే చోటు. రంగులు వేసే పని పోయింది, పేరు మిగిలింది. ఇస్త్రీ పెట్టెని 'ఊతీ' అంటారు, అది టర్కీ వైపు నుంచి వచ్చిన మాట. మన 'ఇస్త్రీ' కూడా స్వదేశీ ఏమీ కాదు. సాగదీయడం అనే అర్థం ఉన్న పోర్చుగీసు మాట నుంచి వచ్చిందని భాషావేత్తలు చెప్తారు. ఈ సామగ్రి అంతటిలో అచ్చంగా మన వైపు పుట్టిన మాట ఒక్కటే, గంజి. దాని చరిత్ర కాస్త తవ్వి చూద్దామని ఈ ప్రయత్నం.

నేను ఈ దేశానికి వచ్చింది 1994లో. అప్పటినుంచీ నా బట్టలు ఇస్త్రీ చేసే చేతులు చాలా మారాయి గానీ, ఆ చేతుల్లో తెలుగు చేతులు తగ్గలేదు. ఒకాయనది రాయచోటి దగ్గర పల్లె. ఒకసారి మాటల్లో అన్నాడు: "అన్నా, ఊర్లో నా చొక్కా గూడా నేను ఇస్త్రీ చేసుకున్నోణ్ణి కాదు. ఈడ రోజుకు ఎన్ని దిష్దాషాలు చేస్తానో లెక్కబెట్టడం మానేసినా. ఇంట్లో మాత్రం కంపెనీలో పని అనే చెప్పినా." నేను ఏమీ అనలేకపోయాను. కోనసీమ నుంచి వచ్చి ఒక కువైటీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఇంకో మాట చెప్పింది: "మా అమ్మ గంజి చుక్క కూడా పారబోసేది కాదండి. ఇక్కడ రోజూ గిన్నెడు గంజి సింకులో పోసేస్తుంటే ప్రాణం ఉసూరుమంటదండి."

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే గంజి చరిత్ర అంతా అందులోనే ఉందనిపించింది. గంజికి మనిషి రెండు ఉపయోగాలు కనిపెట్టాడు. ఒకటి తాగడం, రెండోది బట్టకి పెట్టడం. ఆకలి ఉన్నవాడు తాగాడు, పరువు ఉన్నవాడు పెట్టించుకున్నాడు. ఈ రెండిటి మధ్యా తగువు వచ్చినప్పుడల్లా ఎవరి మాట నెగ్గిందో చూస్తే ఆ కాలం ఎలాంటిదో తెలుస్తుంది.

గంజి ద్రావిడ భాషల మాట. తమిళ, మలయాళాల్లో కంజి అంటారు. పోర్చుగీసువాళ్ళు పడమటి తీరంలో దిగాక ఆ మాటని పట్టుకుపోయారు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా పుస్తకంలో, రోగికి మిరియాలూ జీలకర్రా వేసి ఇచ్చే బియ్యపు నీళ్ళని 'కాంజె' అంటారని ఉంది. పోర్చుగల్‌లో ఈనాటికీ బియ్యం వేసి కాచిన కోడి పులుసుని 'కాంజ' అంటారు. ఇంగ్లీషులో అదే 'కాంజీ' అయింది. తెల్లదొరల సైన్యంలో తప్పు చేసిన సిపాయిని పెట్టే గదికి 'కాంజీ హౌస్' అని పేరు. అక్కడ తిండి గంజే కాబట్టి. చూశారా, ఆ పేరులోనే గంజి శిక్ష అయిపోయింది.

పాశ్చాత్యుల సంగతి చూద్దాం. బట్టకి పెట్టే పిండి పదార్థాన్ని గ్రీకులు 'అమ్యులాన్' అన్నారు. తిరగలి అక్కర్లేకుండా తయారయ్యేది అని దానికి అర్థం. గోధుమల్ని నీళ్ళలో నానబెట్టి, పిసికి, తేర్చి, ఎండబెట్టేవాళ్ళు. దీన్ని మొదట కనిపెట్టింది కియోస్ ద్వీపం వాళ్ళని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈనాటి రసాయన శాస్త్రంలో అమైలోజ్ అనే మాట అక్కడినుంచి వచ్చిందే.

ఇంగ్లండులో గంజి పెట్టడం ఒక విద్యగా మొదలైన కథ నాకు చాలా ఇష్టం. 1564లో ఫ్లాండర్స్ నుంచి డింగెన్ వాన్ డెర్ ప్లాసె అనే ఆవిడ, అక్కడి పరిస్థితులు బాగాలేక, భర్తతో లండన్ చేరింది. అప్పుడు ఎలిజబెత్ రాణి కాలం. గొప్పవాళ్ళందరూ మెడ చుట్టూ పళ్ళెమంత వెడల్పున కుచ్చుల పట్టీలు కట్టుకునేవాళ్ళు. అవి నిటారుగా నిలబడాలంటే గంజి కావాలి. ఆ పని ఇంగ్లీషువాళ్ళకి సరిగ్గా రాదు. ఈవిడ నేర్పడం మొదలుపెట్టింది. నాలుగైదు పౌన్లు ఇస్తే గంజి పెట్టడం నేర్పేది. గంజి కాచడం కూడా నేర్చుకోవాలంటే ఇంకో ఇరవై షిల్లింగులు. పొట్ట చేత పట్టుకుని పరాయి దేశం వెళ్ళిన ఆడమనిషి, చేతిలో ఉన్న పనితనాన్నే పెట్టుబడి చేసుకుని నిలబడింది. చరిత్రకారులు ఆమె పేరు రాసిపెట్టారు కాబట్టి నాలుగున్నర శతాబ్దాల తర్వాత మనం చెప్పుకుంటున్నాం. ఆమె పేరు నిలిచినట్టు ఇక్కడ మన ఆడవాళ్ళ పేర్లు నిలుస్తాయా అన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

అందరికీ ఈ సోకు నచ్చలేదు. 1583లో ఫిలిప్ స్టబ్స్ అనే ఆయన, గంజి సైతాను కాచిన ద్రవం అన్నంత పని చేశాడు. ఆయన బాధ నీతి గురించి. కానీ అసలు బాధ తిండి గురించే. గంజి తయారయ్యేది గోధుమలతో. మనిషి రొట్టె తినాలా, దొర మెడపట్టీ నిలబడాలా? పంటలు పోయిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేచేది. చివరికి 1800లో, ధరలు మండిపోతున్నప్పుడు, గోధుమతో స్టార్చి చేయడాన్ని బ్రిటిష్ పార్లమెంటు కొంతకాలం నిషేధించింది. అంతకు ఐదేళ్ళ ముందు, 1795లో, జుట్టుకి పిండి పూసుకునేవాళ్ళ మీద ఏడాదికి ఒక గినీ చొప్పున పన్ను వేసింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని మనవాళ్ళు అన్నది ఇలాంటివి చూసే అయి ఉంటుంది. కాకపోతే అక్కడ మెతుకు లేనివాడు ఒకడు, సంపెంగ నూనె రాసుకున్నవాడు ఇంకొకడు.

ఈ చిక్కుకి ఒక దారి 1840లో దొరికింది. ఓర్లాండో జోన్స్ అనే ఆయన బియ్యం నుంచి క్షారం సాయంతో స్టార్చి తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గోధుమ ఇంగ్లండువాడి తిండి. బియ్యం కాదు. బియ్యంతో కాలర్లు నిలబెడితే లండన్‌లో ఎవరికీ కడుపు మండదు. మరి ఆ బియ్యం ఎక్కడిది? అందులో పెద్ద భాగం బర్మాది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక రంగూన్ నుంచి ఓడలకొద్దీ బియ్యం యూరప్‌కి వెళ్ళింది. కొంత తిండికి, కొంత సారాయి బట్టీలకి, కొంత స్టార్చి మిల్లులకి.

ఇక్కడే మనవాళ్ళు కథలోకి వస్తారు. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్ళు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాలనుంచి ఓడ డెక్కు మీద వెళ్ళిన కూలీలు. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళని వాళ్ళకి 'కోరంగీలు' అని పేరు పడింది. తూర్పు తీరం పల్లెల్లో తరవాణీ, అంబలీ తాగి బతికినవాళ్ళు అక్కడ మోసిన మూటల్లో కొన్ని యూరప్‌లో స్టార్చి మిల్లులకి చేరాయి. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీమరు కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని తెచ్చాయి. సమ్మె తీరాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నాయి. దాంతో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మన కూలీలే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకన కొండలూ అడవులూ దాటి తిరిగివచ్చారు. కొన్ని వేలమంది దారిలోనే పోయారు.

రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువుకి అది ఒక కారణం, అదొక్కటే కాకపోయినా. 1943లో పల్లెలనుంచి కలకత్తా చేరిన జనం ఇంటింటి గుమ్మం ముందూ నిలబడి అన్నం అడగలేదు. అడిగినా పెట్టరని తెలుసు. 'ఫ్యాన్' ఇమ్మని అడిగారు. బెంగాలీలో ఫ్యాన్ అంటే అన్నం వార్చిన గంజి. కలవారి ఇళ్ళలో బట్టలకి పనికొచ్చే ఆ నీళ్ళ కోసం మనుషులు ఏడ్చారు. గంజి చరిత్రలో ఇంతకంటే బరువైన సంవత్సరం నాకు కనబడలేదు.

మన రాయలసీమకి ఈ రుచి ముందే తెలుసు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో కరువు పనుల కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకి కుదించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. తర్వాత 1952లో మళ్ళీ కరువు వచ్చినప్పుడు సీమలో గంజి కేంద్రాలు తెరిచారు. ఆ కేంద్రాల ముందు ముంతలు పట్టుకుని నిలబడిన పిల్లల పిల్లలే, 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నప్పుడు, రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాలనుంచి కువైట్ విమానం ఎక్కారు.

ఇక బట్టకి పెట్టే గంజి మన దగ్గర ఎలా ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేతగాళ్ళ వీధుల్లో పొద్దున్నే పడుగు సాగదీసి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళు. గంజి లేకపోతే మగ్గం మీద పోగు నిలవదు. చాకిరేవులో బట్టలు చవుడు వేసి ఉడకబెట్టి, ఉతికి, నీలిమందు పెట్టి, గంజిలో ముంచి ఆరేసేవాళ్ళు. తర్వాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఈ పని చేసే కులానికి కూలి అంటే ఏడాదికోసారి కళ్ళంలో కొలిచే గింజలూ, సాయంత్రం ఇంటింటా ఎత్తుకునే అన్నమూ. నిజాం రాజ్యంలో వెట్టి కింద అదీ సరిగా లేదు. ఆ కులంలో పుట్టిన చిట్యాల ఐలమ్మ 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడి తన పంటని కాపాడుకుంది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఊళ్ళో అందరి బట్టలకీ గంజి పెట్టిన వాళ్ళలోనుంచి ఒక పేరు అలా పైకి వచ్చింది.

మన ఇళ్ళలో గంజి పోవడానికి కారణం మాత్రం ఏ ఉద్యమమూ కాదు, ప్రెషర్ కుక్కర్. అన్నం వార్చినన్నాళ్ళూ గంజి దానంతట అదే వచ్చేది. కుక్కర్లో నీళ్ళన్నీ అన్నమే తాగేస్తుంది. గంజి కావాలంటే కొనుక్కోవాల్సి వచ్చింది. పొట్లాల్లో పొడి వచ్చింది, ఏరోసోల్ డబ్బాల్లో స్ప్రే వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, మన ఇళ్ళలో పోయిన గంజి కువైటీ వంటింట్లో ఉంది. ఇక్కడివాళ్ళు బియ్యాన్ని 'ఐష్' అంటారు. అంటే బతుకు అని అర్థం. చమురు రాకముందు ఈ దేశం ముత్యాల మీదా పడవ వర్తకం మీదా బతికింది. బియ్యమూ, పడవలకి టేకు కలపా, బట్టా మన దేశం నుంచి వచ్చేవి. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. వాళ్ళు తెల్ల అన్నం వండే పద్ధతుల్లో ఒకటి 'మష్ఖూల్'. అంటే వడగట్టింది. బాస్మతిని ఎసట్లో ఉడికించి, జల్లెడలో వార్చి, మళ్ళీ సన్నసెగ మీద మగ్గబెడతారు. వార్చిన నీళ్ళు సింకులోకి పోతాయి. కోనసీమ ఆవిడ ఉసూరుమన్నది దాని గురించే. ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది, ఒక్కోసారి నూనె ఉంటుంది కాబట్టి బట్టలకి పనికిరావు. అందుకని తన నూలు చీర కోసం గుప్పెడు బియ్యం విడిగా ఉడకబెట్టి గంజి తీసుకుంటుందట. శుక్రవారం ఆ చీర కట్టుకుని బయటికి వస్తే, కోనసీమలో ఉన్నట్టే ఉంటుందని చెప్పింది.

ఇక్కడి మగవాళ్ళ వేసవి ఉడుపు తెల్ల దిష్దాషా, తల మీద తెల్ల గుత్రా. గుత్రా పలచని నూలు బట్ట. నుదుటి మీద దానికి ఒక మడత నిలబడాలి. దాన్ని 'మిర్జామ్' అంటారు. ఇంటి కప్పు మీద వాన నీళ్ళు పోయే తూముకి ఉన్న పేరే అది. ఆ మడత వంకర పోతే పెద్దమనిషి పరువు వంకర పోయినట్టే. దాన్ని నిలబెట్టేది గంజీ, ఇస్త్రీ చేసేవాడి మణికట్టూ. ఇళ్ళలో ఆ పని మన ఆడవాళ్ళది. ఇంట్లో పనిచేసేవాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకి 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. చట్టం అన్ని ఇళ్ళ గుమ్మాలూ దాటి లోపలికి వెళ్ళిందని చెప్పలేను. అయినా లేనిదానికంటే మేలు.

గంజి స్ప్రే ఇంట్లో చేసుకునే పద్ధతి అడిగేవాళ్ళు ఉంటారు, చెప్తాను. రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్‌ని కొద్దిగా చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. అరలీటరు నీళ్ళు మరిగించి, కలుపుతూ అందులో పోయండి. పాలలాగా ఉన్నది ఒకటి రెండు నిమిషాల్లో తేటపడుతుంది. పిండి రేణువులు 65, 70 డిగ్రీలు దాటాక ఉబ్బి విచ్చుకోవడమే దానికి కారణం. అలా విచ్చుకున్న పొడవాటి అణువులే ఇస్త్రీ వేడికి పోగు మీద పొరలాగా పరుచుకుని బట్టని నిలబెడతాయి. చల్లారాక పలచని గుడ్డలో వడగట్టి స్ప్రే సీసాలో పోసుకోండి. పచ్చి పిండి చన్నీళ్ళలో కలిపి కొడితే ముక్కు పూడుకుంటుంది, ముదురు రంగు బట్టల మీద తెల్ల మరకలు పడతాయి. అలాంటి బట్టలకి లోపలివైపు నుంచి కొట్టడం మంచిది. ఇది ఆహారమే కాబట్టి పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులే. నూలుకి పట్టినంత గట్టిగా పాలిస్టరుకి పట్టదు. ఈ ఊరి దుమ్ముకి ఇంకో లాభం ఉంది. దుమ్మూ చెమటా పోగుకి అంటకుండా గంజి పొర మీద ఉండిపోతాయి, ఉతికినప్పుడు దాంతోపాటే పోతాయి.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న దగ్గరకి వస్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి వచ్చినప్పుడు, లక్షకు పైగా భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో ఇంటికి వెళ్ళారు. రంగూన్ నుంచి తాతలు నడిచివచ్చిన దారికి అది ఇంకో రూపం. ఆ విమానాల గురించి అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. అందులో వెళ్ళిన మస్బగా పనివాళ్ళ గురించి, వదిలేసి వెళ్ళిన దుకాణాల గురించి, మళ్ళీ ఎలా వచ్చారన్నదాని గురించి తెలుగులో రాసింది నా కంట పెద్దగా పడలేదు. రంగూన్ కూలీల గొంతుల్ని కూడా మనం సకాలంలో రాసుకోలేదు. వాళ్ళ చరిత్రని ఎక్కువగా తెల్లదొరల నివేదికల్లోనే వెతుక్కోవాల్సి వస్తోంది.

కువైట్‌లో సుమారు పది లక్షలమంది భారతీయులం ఉన్నాం. మన సంచికల్లో డాక్టర్లూ ఇంజినీర్లూ వ్యాపారులూ ఎలా పైకొచ్చారో రాసుకుంటాం, రాసుకోవాలి కూడా. దాంతోపాటు ఈ సంవత్సరం ఒక పని చేద్దామని నా మనవి. మన సభ్యుల్లో ఒక్కొక్కరూ తమ బట్టలు ఇస్త్రీ చేసే తెలుగాయనతోనో, పక్కింట్లో పనిచేసే తెలుగావిడతోనో ఒక శుక్రవారం కూర్చుని, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ కథ వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. ఏ ఊరు, ఏ ఏడాది వచ్చారు, ఏజెంటుకి ఎంత కట్టారు, పని ఎవరు నేర్పారు, మొదటి జీతంతో ఏం చేశారు. ఇంట్లో కంపెనీ పని అని చెప్పినవాళ్ళ పేర్లు మార్చి రాయండి. వచ్చే సంచికలో పది పేజీలు వాటికి కేటాయించమని సంపాదకులని నేను అడిగాను. పేజీలు ఇస్తామన్నారు. రాయాల్సింది మనమే.